నాకు వినపడింది, నేను విన్నాను



నా చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో లేదు. పక్కింట్లో ఉండేది. పొద్దున్నే వాళ్ళు విజయవాడ కేంద్రం పెడితే భక్తిరంజని పాటలు పిట్టగోడ దాటి మా వాకిట్లోకి వచ్చేవి. నేను దుప్పటి ముసుగులో అటూ ఇటూ దొర్లుతూ ఉండేవాణ్ణి. పాట చెవిన పడుతూనే ఉండేది, ఏ పాట వచ్చిందిరా అంటే మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి. అమ్మ అలా కాదు. కళ్ళాపి చల్లుతున్నదల్లా చెంబు కింద పెట్టి, గోడవైపు తిరిగి, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడేది. రేడియో ఒకటే, పాట ఒకటే, మధ్యలో గోడా ఒకటే. నాకు పాట వినపడేది. అమ్మ పాట వినేది.

ఇంగ్లీషులో హియర్ అనీ లిసన్ అనీ రెండు క్రియలున్నాయి. వాటి మధ్య తేడా చాలావరకు ఇదే. దాని గురించే ఈ పూట మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ బడుల్లో ఇంగ్లీషు చెప్పాను. ఈ రెండు మాటల దగ్గర పిల్లలు తడబడని సంవత్సరం నాకు గుర్తు లేదు. నేను రోజూ రేడియో వింటాను అని రాయమంటే, 'ఐ యామ్ హియరింగ్ రేడియో డైలీ' అని రాసేవాళ్ళు. కాస్త చదువుకునే పిల్లలైతే 'ఐ లిసన్ రేడియో' అనేవాళ్ళు. ఎర్ర సిరాతో దిద్దడం సులువే. కానీ వాళ్ళు ఎందుకలా రాస్తున్నారో ఆలోచిస్తే తప్పు పిల్లలది కాదనిపించేది. వాళ్ళ చేతిలో ఉన్న చిన్న నిఘంటువులో హియర్ అంటే వినుట. నాలుగు పేజీలు తిప్పి లిసన్ దగ్గరికి వస్తే అక్కడా వినుటే. రెండింటికీ ఒకే అర్థం రాసి ఇచ్చి, తేడా ఎందుకు తెలియలేదని పిల్లవాణ్ణి నిలబెట్టడం న్యాయం కాదు. అసలు బాధ ఏమిటంటే, ఆ తేడా వాడు తల్లి ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న భాషలోనే ఉంది. వాడికి ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు.

ఒకసారి ఎనిమిదో తరగతిలో బల్లమీద ఒక వాక్యం రాశాను. 'ఐ లిసన్డ్, బట్ ఐ హెర్డ్ నథింగ్.' తెలుగులో చెప్పండిరా అన్నాను. 'విన్నాను, కానీ ఏమీ వినలేదు' అన్నాడొకడు. చెప్పినవాడికే అది అతకలేదని తెలిసి తల గోక్కున్నాడు. అప్పుడు వెనక బల్ల మీదున్న ఒక రైతు బిడ్డ లేచి, 'సార్, రాత్రిపూట కరెంటు ఎప్పుడొస్తుందోనని మోటారు చప్పుడు కోసం వింటూ పడుకుంటాం. కరెంటు రాకపోతే ఏమీ వినపడదు' అన్నాడు. అంతకంటే మంచి వివరణ ఏ వ్యాకరణ గ్రంథంలోనూ నేను చూడలేదు. చీకట్లో చెవి అటు వేసి పడుకోవడం లిసన్. మోటారు గుర్రుమనడం చెవిని తాకితే హియర్. మొదటిది మన చేతిలో ఉంటుంది. రెండోది కరెంటు చేతిలో ఉంటుంది. ఆ పిల్లవాడు 'చప్పుడు కోసం వింటూ' అన్నాడు చూశారా, ఇంగ్లీషులో దాన్ని 'లిసన్ ఫర్' అంటారు. ఎదురుచూడటం కళ్ళతో చేసే పని అనుకుంటాం గానీ, అది చెవులతో ఎదురుచూడటం.

మన వ్యాకరణం ఈ తేడాను ఎంత అందంగా చూపిస్తుందో గమనించండి. 'నేను పాట విన్నాను.' ఇందులో కర్తను నేను. పని నాది. 'నాకు పాట వినపడింది.' ఇందులో కర్త పాట. అదే వచ్చింది, అదే తాకింది. నేను 'నాకు' అయిపోయి ఓ పక్కన నిలబడ్డాను. ఆకలి వేసినా, చలి వేసినా, నిద్ర వచ్చినా, కోపం వచ్చినా తెలుగువాడు 'నాకు' అనే అంటాడు. తన ఇష్టంతో ప్రమేయం లేకుండా తనమీదికి వచ్చేవాటి దగ్గర 'నేను' అని ముందుకు రాడు. ఇంగ్లీషువాడికి ఈ సౌకర్యం లేదు. విన్నా 'ఐ', వినపడినా 'ఐ'. రెండు చోట్లా కర్త అతనే కాబట్టి, తేడా అంతా క్రియలోనే పెట్టుకోవలసి వచ్చింది. చూడటంలోనూ ఇంతే. మనకు చూడు, కనపడు. వాళ్ళకు లుక్, సీ.

ఇంకో పరీక్ష ఉంది. 'విను' అని ఎవరికైనా చెప్పవచ్చు, 'వినపడు' అని ఎవరికీ ఆజ్ఞ వేయలేం. ఇంగ్లీషులో కూడా లిసన్ అని గద్దించవచ్చు గానీ, హియర్ అని ఒంటిమాటగా ఎవరూ గద్దించరు. మాట వినని పిల్లాడి గురించి తల్లి చెప్పేటప్పుడు వాడేదీ లిసన్ మాటే. వాడి చెవులకు ఏ లోపమూ లేదు, పిలిచిన పిలుపు వినపడుతూనే ఉంది. పెడచెవిన పెట్టాడు, అంతే. ఈ 'పెడచెవి' అన్న మాటను ఇంగ్లీషులోకి తేవాలంటే హియర్, లిసన్ రెండూ కావాలి. హియర్ అయింది, లిసన్ కాలేదు.

ఇక్కడితో ఆగి, వినపడు అంటే హియర్, విను అంటే లిసన్ అని రాసుకుంటే బాగుండును. కానీ భాష అంత తేలిగ్గా లొంగదు. ఈ రెండు వాక్యాలు చూడండి. 'నేను ఆ వార్త విన్నాను.' 'నేను వార్తలు విన్నాను.' తెలుగులో రెండింటిలోనూ విన్నానే. ఇంగ్లీషులో మొదటిది హెర్డ్, రెండోది లిసన్డ్ టు. ఎవరింట్లోనో పెళ్ళి కుదిరిందనో, ఎవరో పోయారనో మన దాకా వచ్చిన వార్త హియర్. రాత్రి రేడియో దగ్గర కూర్చుని బులెటిన్ అయ్యేదాకా విన్న వార్తలు లిసన్. ఏకవచనం బహువచనమయ్యేసరికి ఇంగ్లీషు క్రియే మారిపోయింది. అంటే, ఫలానా విషయం తెలిసింది అనే అర్థంలో మనం విన్నాను అన్నప్పుడు ఇంగ్లీషువాడు హియర్ వైపు వెళతాడు. మీ పేరు విన్నాను అన్నా హియరే. కనీ వినీ ఎరుగని వింత అన్నా హియరే.

కచేరీల సంగతి ఇంకా సున్నితమైనది. ఎదురుగా కూర్చుని బాలమురళీకృష్ణ కచేరీ విన్న మనిషి ఇంగ్లీషులో 'ఐ హెర్డ్ బాలమురళి' అని చెప్పుకుంటాడు. మొదటినుంచి చివరిదాకా ఆ అనుభవం అతనికి దక్కింది, పూర్తయింది. అదే ఇంట్లో రికార్డు పెట్టుకుని వింటూ ఉండగా ఎవరో తలుపు తట్టారనుకోండి, అప్పుడు 'ఐ వాజ్ లిసనింగ్ టు' అనాలి. పని నడుస్తూ ఉన్నప్పుడు లిసన్, దక్కి ముగిసినప్పుడు హియర్. న్యాయస్థానంలో జడ్జి కేసును హియర్ చేస్తాడు. ఇరుపక్షాల వాదనా పూర్తిగా ఆయన దాకా చేరాలి, మధ్యలో తెగకూడదు అన్న హామీ ఆ మాటలో ఉంది. వాయిదా రోజును హియరింగ్ అనడం మన పల్లెల్లో కోర్టు మెట్లెక్కిన ప్రతివాళ్ళకీ తెలుసు.

కోర్టు ప్రస్తావన వచ్చింది కాబట్టి వినికిడి గురించి చెప్పాలి. వినికిడి తగ్గింది అంటాం, చెవి శక్తి తగ్గిందని. వాళ్ళు ఊరొదిలి పోతున్నారని వినికిడి అంటాం, అంటే నలుగురూ అనుకుంటున్న మాట. ఇంగ్లీషులో హియర్ కూడా సరిగ్గా ఈ రెండు దారులూ తొక్కింది. హియరింగ్ అంటే చెవి శక్తి, హియర్‌సే అంటే చెప్పుడు మాట. 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పుడు మాటను సాక్ష్యంగా ఒప్పుకోలేదు. వినపడగల సంగతి అయితే, నేను స్వయంగా విన్నాను అనే మనిషే బోనెక్కాలంది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ మూలసూత్రం అదే. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, ఆ సూత్రం మాత్రం అలాగే ఉంది.

చెప్పుడు మాటను పట్టుకోవడానికి మనకు చట్టం కూడా అక్కర్లేదు, ఒక్క అక్షరం చాలు. 'వాళ్ళబ్బాయి అమెరికా వెళుతున్నాడు' అంటే నాకు తెలుసు. 'వెళుతున్నాడట' అంటే ఎవరో అన్నారు, పూచీ నాది కాదు. ఈ 'ట'ను ఇంగ్లీషులోకి మార్చాలంటే 'ఐ హియర్' అని మొదలుపెట్టాలి. ఇంగ్లీషు విడిగా రెండు మాటలు పెట్టి చెప్పేదాన్ని మనం క్రియ తోకకు తగిలించేశాం. పిల్లలకు హియర్ చెప్పేటప్పుడు ఈ 'ట' దగ్గర నేను కావాలనే ఎక్కువసేపు ఆగేవాణ్ణి. తమ నోట్లో రోజూ ఆడే అక్షరానికి అంత పని ఉందని తెలిసినప్పుడు వాళ్ళ మొహాలు వెలిగేవి.

ఫోన్లో మాట్లాడేటప్పుడు దొర్లే పొరపాట్లకు మూలం కూడా తెలుగులోనే దొరుకుతుంది. లైను సరిగ్గా లేకపోతే 'వినపడుతోందా?' అంటాం. దాన్నే ఇంగ్లీషులో పెట్టి 'ఆర్ యూ హియరింగ్ మీ?' అంటారు. వినపడుతోంది అన్నది మనకు నడుస్తున్న పని. ఇంగ్లీషులో హియర్ అలా మామూలుగా నడవదు, దాన్ని శక్తిగా చూస్తారు. అందుకే 'కెన్ యూ హియర్ మీ?' అనాలి. 2020లో కరోనా వచ్చి బడులన్నీ ఫోన్లలోకి వెళ్ళినప్పుడు, పాఠం మొదలుపెట్టే ప్రతి మాస్టారూ 'యామ్ ఐ ఆడిబుల్?' అని అడగడం మీరూ గమనించి ఉంటారు. ఇంగ్లండులో ఆ మాట అంత తరచుగా అనరు. అది మన దేశపు వాడుక. నేను వినపడుతున్నానా అనే మన వాక్యమే అందులో కూర్చుని ఉంది. వినేవాణ్ణి పక్కన పెట్టి, మాట్లాడేవాడే కర్త అయ్యాడు. వ్యాకరణం ప్రకారం అది తప్పు వాక్యం కాదు. మన భాష నీడ పడిన ఇంగ్లీషు అని మాత్రం అంటాను.

లిసన్ తరవాత 'టు' ఎందుకు పెట్టాలని పిల్లలు అడిగేవాళ్ళు. పాట విను అన్నప్పుడు మనకు మధ్యలో ఏమీ అక్కర్లేదు కాబట్టి వాళ్ళకది అదనపు బరువు. చెవి 'అటు' పెట్టాలి కదా, ఆ అటు అన్నదే 'టు' అని చెప్పేవాణ్ణి. హియర్‌కి అటూ ఇటూ లేదు, శబ్దమే మన దగ్గరికి వస్తుంది. మరో మాట, లిసన్ రాతలో ఉన్నంతమాత్రాన టీ అక్షరం పలకదు. చాలామంది లిజన్ అంటారు, అక్కడ జ లేదు, స ఉంది.

ఆ లిసన్ అనే మాటకు మన దగ్గర ఒక చుట్టముంది. శ్రోతలైన మీరే. శ్రోతలు అన్న మాటలో ఉన్న సంస్కృత ధాతువు శ్రు, ఇంగ్లీషు లిసన్, రెండూ వేల ఏళ్ళ కిందటి ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. బిగ్గరగా అనే అర్థమున్న లౌడ్ కూడా ఆ కుటుంబానిదే. బీబీసీ 1929లో మొదలుపెట్టి 1991 దాకా నడిపిన వారపత్రిక పేరు 'ద లిసనర్'. మన ఆలిండియా రేడియో కార్యక్రమాల పత్రిక పేరు ఒకప్పుడు 'ది ఇండియన్ లిసనర్'. రేడియో పెట్టి ఉన్న ఇంట్లో శబ్దం అందరికీ వినపడుతుంది. ఆ పత్రికలు మాత్రం చెవి అటు పెట్టినవాళ్ళ పేరే పెట్టుకున్నాయి.

మన విను అన్న మాట మాత్రం ఆ కుటుంబానిది కాదు, అది ద్రావిడం. తమిళంలో దీని తోబుట్టువు 'వినవు' ఉంది, దాని అర్థం అడగడం. తమిళులు, కన్నడిగులు వినడానికి వాడే కేళ్, కేళు అన్న మాటలకు కూడా వినడం, అడగడం రెండర్థాలూ ఉన్నాయి. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు మొదట్లో ఇక్కడ తికమకపడుతుంటారు. అడిగినవాడే వింటాడని ఈ భాషలకు ఎప్పుడో తెలిసినట్టుంది.

వినపడటానికీ వినడానికీ తేడా ఉత్త వ్యాకరణం కాదు, మనుషులను జైల్లో పెట్టేంత తేడా అది. 1939 సెప్టెంబర్ 1న, యుద్ధం మొదలైన రోజునే, హిట్లర్ ప్రభుత్వం జర్మనీలో విదేశీ రేడియో వినడాన్ని నేరం చేసింది. ఆ ఉత్తర్వు నిషేధించింది ఉద్దేశపూర్వకంగా వినడాన్ని. పక్కింటి గోడలోంచి బీబీసీ చెవిన పడితే ఒక సంగతి, దుప్పటి కప్పుకుని రేడియోకి చెవి ఆనించి వింటే మరో సంగతి. విన్నది నలుగురికీ చెప్పినవాళ్ళకు మరణశిక్ష దాకా వేసే వీలు అందులో పెట్టారు. అయినా జనం విన్నారు. ఆ సంగతి చదివిన ప్రతిసారీ గోడవైపు తిరిగి నిలబడిన అమ్మే గుర్తొస్తుంది నాకు. ఆమెకు ఏ భయమూ అక్కర్లేకపోయింది, అది ఆమె అదృష్టం, ఈ దేశపు అదృష్టం.

కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. నిద్రలో కూడా అది తెరిచే ఉంటుంది. అలాంటప్పుడు వచ్చిన శబ్దాలన్నిటిలోంచి ఒకదాన్ని ఎంచుకోవడం మెదడు ఎలా చేస్తోంది? 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ పని మీద చేసిన ప్రయోగాలు ప్రచురించాడు. మనిషికి హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక చెవిలో ఒక ప్రసంగం, రెండో చెవిలో మరో ప్రసంగం వినిపించాడు. ఒక చెవిలో వస్తున్నదాన్ని వెంటవెంటనే పైకి చెబుతూ పొమ్మన్నాడు. తరవాత రెండో చెవిలో ఏం వచ్చిందని అడిగితే చెప్పలేకపోయారు. ఆ చెవిలో మధ్యలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా పట్టుకోలేకపోయారు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం తెలిసింది. తరవాత 1959లో నెవిల్ మోరే అనే ఆయన, పట్టించుకోని ఆ చెవిలో ఆ మనిషి పేరే పలికిస్తే కొంతమంది గుర్తుపట్టారని చూపించాడు. తిరనాళ్ళలో వెయ్యి గొంతుల మధ్య ఎవరో మన పేరు పెట్టి పిలిస్తే చటుక్కున తల తిప్పుతామే, అదన్నమాట. హియర్ అనే వాకిట్లో ఎన్నో శబ్దాలు నిలబడి ఉంటాయి. లిసన్ అనే గడప దాటి లోపలికి వచ్చేవి కొన్నే.

శ్రు ధాతువు నుంచి వచ్చిన ఇంకొక మాట తెలుగులో రోజూ వాడతాం, దాని పుట్టుక తెలియకుండానే. శుశ్రూష. ఆ మాటకు మొదటి అర్థం వినాలనే కోరిక. గురువు చెప్పింది వినాలని దగ్గర కూర్చున్న శిష్యుడు ఆయన పనులు చేసిపెట్టేవాడు కాబట్టి అది సేవ అయింది. ఇవాళ రోగికి చేసే పరిచర్య అయింది. మంచం పక్కన కూర్చుని మూలుగు దేనికో తెలుసుకోవడానికి ఎవరైనా ముందు చేయవలసింది వినడమే కదా.

మా అమ్మకు ఎనభై దాటాక వినికిడి తగ్గింది. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నని శబ్దాలను పట్టుకుపోతుంది. స, శ, ఫ లాంటి హల్లులు పోతాయి, అచ్చులు మిగులుతాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. మేం గట్టిగా అరిస్తే, 'అరవకురా, వినపడుతోంది, తెలియడం లేదు' అనేది. ఎదుటివాళ్ళ పెదవుల వైపు చూస్తూ, తల కాస్త ముందుకు వంచి, ఆమె వింటూనే ఉండేది. ప్రపంచంలో నలభై మూడు కోట్ల మందికి ఇలా చికిత్సో సాధనమో అవసరమైనంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క చెప్పింది. వాళ్ళలో ఎంతమందిని మనం మాట వినరని విసుక్కుంటున్నామో.

చివరికి వినికిడి పరీక్షకు తీసుకెళ్ళాను. చప్పుడు చొరని చిన్న గది, అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, 'కూత వినపడగానే వేలెత్తండి అమ్మగారూ, ఎంత సన్నగా వినపడినా ఎత్తండి' అని చెప్పింది. అమ్మ కళ్ళు మూసుకుంది. భక్తిరంజని రోజుల్లో గోడవైపు తిరిగి నిలబడినట్టే కదలకుండా కూర్చుంది. కాసేపటికి వేలెత్తింది. మళ్ళీ ఎత్తింది. ఇంకోసారి ఎత్తింది. ఆ అమ్మాయి మీట వదిలేసి, మైకులో గట్టిగా, 'అమ్మగారూ, నేనింకా ఏమీ పెట్టలేదండీ. వినపడితేనే ఎత్తండి' అంది.

'వింటూనే ఉన్నానమ్మా' అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.